నాపరాళ్ల మీద గడ్డినేల

పొర సందున ఉలి పెట్టి కొడితే నాపరాయి పలకలుగా విడిపోతుంది. బేతంచెర్ల చుట్టుపక్కల గనుల్లో రోజూ జరిగే పని ఇదే. రాయి అలా విడిపోవడానికి కారణం అది పుట్టిన తీరు. ఒకప్పుడు ఇక్కడ సముద్రం ఉండేది. ఒడ్డు దగ్గర ఇసుక, నీరు నిలకడగా ఉన్నచోట సున్నపు బురద మేటలు వేశాయి. పైన పడిన బరువుకు ఇసుక ఇసుకరాయిగా, బురద సున్నపురాయిగా గట్టిపడ్డాయి. మేట తీరు మారిన ప్రతిసారీ ఒక పొర తేలింది.

ఇలా పొరలతో నిండిన, నెలవంక ఆకారంలో ఉన్న కడప శిలా హరివాణం నలభై వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుంది. దాని అడుగు పొరల వయసు సుమారు 190 కోట్ల ఏళ్లు. అప్పటికి జంతువులు లేవు. వేంపల్లె సున్నపురాళ్లలో కనిపించే గుండ్రటి వరసలు నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు కట్టిన స్ట్రొమటొలైట్లు. ఈ పొరలు ఎత్తుకు లేచి, అరిగాక, మళ్లీ సముద్రం వచ్చి కర్నూలు పొరలను పరిచింది. వాటిలో బనగానపల్లె గులకరాతి పొర వజ్రాలకు పేరుపొందింది. ఆపైనున్న నార్జి సున్నపురాయిని నీరు కరిగించడంతో బెలుం గుహలు ఏర్పడ్డాయి. 1872లో భూవిజ్ఞాని విలియం కింగ్ ఈ వరసలన్నిటినీ గ్రంథస్థం చేశాడు. పొరలను కళ్లారా చూడాలంటే పెన్నా నది కోసిన గండికోట లోయ అంచున నిలబడితే చాలు.

ఈ రాళ్ల మీద చాలాచోట్ల మట్టి పలచన. ఏటా పడే వాన 700 మిల్లీమీటర్ల లోపే, అదీ ఎక్కువగా నైరుతి కాలంలో. పెద్ద చెట్టుకు చాలని ఆ తడి గడ్డికి సరిపోతుంది. నాలుగు వానలు పడగానే చిగురించి, విత్తు రాల్చి, ఎండాకాలానికి వేళ్లలో ప్రాణం దాచుకుంటుంది. పశువుల మేత, వంటచెరకు నరుకుడు కూడా ఈ నేలను తెరపిగా ఉంచాయి.

నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలోని రోళ్లపాడు అలాంటి నేల. గడ్డినేలల్లో బతికే బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ 6.14 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఏర్పాటైంది. మగపక్షి బరువు 15 కిలోల దాకా ఉంటుంది. వానాకాలంలో గొంతు సంచి ఉబ్బించి ఆడపక్షిని పిలుస్తుంది. ఆడపక్షి గూడు కట్టదు, గడ్డి మధ్య వట్టి నేల మీద సాధారణంగా ఒకే గుడ్డు. కుక్కో, పశువు డెక్కో తగిలితే ఆ ఏటి సంతానం పోయినట్టే.

అలగనూరు జలాశయం, సాగునీటి కాలువలు వచ్చాక చుట్టూ మెట్టపైర్ల తీరు మారింది. బట్టమేక జొన్న, వేరుశనగ చేలల్లో మిడతలు ఏరుకుని బతికేది. అభయారణ్యం కంచె లోపల ఎంత భద్రంగా ఉన్నా బయటి చేలు లేకుంటే దానికి పూట గడవదు. రోళ్లపాడులో ఇటీవలి ఏళ్లలో దాని జాడ దాదాపు లేదు. దేశం మొత్తంలోనూ స్వేచ్ఛగా తిరిగేవి 150కి మించి లేవని అంచనా. మిగిలినవాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లోనే. ఎదురుగా ఉన్నవాటిని సరిగా చూడలేని ఈ బరువైన పక్షికి కరెంటు తీగలు ప్రాణాంతకం. రోళ్లపాడు కంచె వల్ల కృష్ణజింకలు మాత్రం పెరిగి చేలల్లో పడుతున్నాయి. నష్టపోతున్న రైతుకు అభయారణ్యం మీద కోపం రాక మానదు.

గడ్డినేలను కాపాడటమంటే మొక్కలు నాటడం కాదు. చెట్ల నీడ పడితే గడ్డి పలచబడుతుంది, తెరపి కోరే పక్షి తప్పుకుంటుంది. గుడ్లు పెట్టే వానాకాలంలో మేతకు సెలవిచ్చి, ఆ తర్వాత కోతకు, మేతకు వదలాలి. కుక్కలను అదుపులో ఉంచాలి. జింకలు మేసిన పైరుకు పరిహారం ఆలస్యం లేకుండా అందాలి, మెట్టపంట వేసే రైతుకు ఆ పంటే గిట్టుబాటు కావాలి. ఆరు చదరపు కిలోమీటర్ల కంచె ఈ పని చెయ్యలేదు. దాని చుట్టూ ఉన్న చేలూ లెక్కలోకి వచ్చినప్పుడే చేస్తుంది.