ఊరి నేల మీద టవరు - ఊరి మాటకు విలువేదీ?

సెల్ టవరు నేడు పల్లెకు అవసరమే. ఆ మాట ముందే చెప్పుకుందాం. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో హాజరును రోజుకు రెండుసార్లు సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి పంపడం తప్పనిసరి చేశారు. దాంతో సిగ్నల్ అందని చోట, ఎండలో మట్టి మోసిన కూలీకి హాజరు పడటమే గగనమైంది. రేషను, పింఛను, బ్యాంకు డబ్బు అన్నీ వేలిముద్రకూ సిగ్నలుకూ ముడిపడ్డాయి. కనుక టవరే వద్దని ఏ కూలీ అనడు. అయితే దాన్ని ఎక్కడ వెయ్యాలి, ఎవరిని అడిగి వెయ్యాలి, పంచాయతీకి పన్ను కట్టాలా లేదా అని అడిగే హక్కు ఊరికి ఉండాలా వద్దా? అసలు తగాదా అక్కడుంది.

మన పల్లెల్లో జరుగుతున్నదేమిటి? కంపెనీ మనిషి వస్తాడు. రోడ్డువారగా చేనున్న ఆసామితో మాట్లాడుకుంటాడు. ఏళ్ళ తరబడి అద్దెకు కాగితం రాసుకుంటారు. అద్దె ఆసామి ఖాతాలో పడుతుంది. ఆ చెక్క కౌలుకు చేసుకుంటున్న వాడికి మాత్రం "వచ్చే కారుకు ఇటు రాకు" అన్న కబురే అందుతుంది. పక్కనే పేదల ఇళ్ళుంటే జనరేటరు మోత, డీజిలు పొగ వాళ్ళ పాలు. లారీలోంచి ఇనుప కమ్మీలు దించేదాకా ఊళ్ళో వాళ్ళకు సంగతే తెలీదు. సర్పంచిని అడిగితే "మన చేతుల్లో లేదు" అంటాడు.

ఆ మాటలో నిజం లేకపోలేదు. రాజ్యాంగం తంతి, టెలిఫోన్ల వ్యవహారాన్ని కేంద్రం జాబితాలో పెట్టింది. తెల్లదొరలు 1885లో చేసిన తంతి చట్టం కింద 2016లో కేంద్రం "దారి హక్కు" నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం తమ అధీనంలోని స్థలంలో టవరుకు దరఖాస్తు వస్తే స్థానిక సంస్థ 60 రోజుల్లో తేల్చాల్సి ఉండేది. కాదంటే కారణం రాతలో చెప్పాల్సి ఉండేది. ఏమీ చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్కయ్యేది! దరఖాస్తు రుసుము 10 వేల రూపాయలు మించరాదని ఆ నిబంధనల్లో ఉండేది. 2022లో మరో అడుగు వేశారు. ప్రైవేటు స్థలంలో వేసే టవరుకు స్థానిక అధికారుల అనుమతే అక్కర్లేదన్నారు. భవనం మీద వేసేటప్పుడు మాత్రం ముందుగా రాతపూర్వకంగా తెలిపి, కట్టడం గట్టిదని ఇంజనీరు ఇచ్చిన పత్రం జతచేస్తే చాలన్నారు.

2023లో కొత్త టెలికం చట్టం వచ్చింది. దాని కింద చేసిన దారి హక్కు నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. స్థలం యజమాని ఒప్పుకోకపోయినా, ప్రజాప్రయోజనానికి అవసరమని కేంద్రం తేలిస్తే దారి హక్కు తీసుకునే వీలు ఈ చట్టంలో ఉంది. అంటే కాదనే చిన్న రైతు నోటికి కూడా తాళం సిద్ధంగా ఉందన్నమాట.

పన్ను సంగతి చూడండి. టవరు కూడా భవనమేననీ, దాని మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందనీ గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు 2016 డిసెంబర్ 16న తీర్పిచ్చింది. స్థానిక సంస్థలకు అదొక ఆసరా. కాని 2023 చట్టం 14వ సెక్షన్ ఏమంటున్నది? స్థలంలో పెట్టిన టెలికం వ్యవస్థను ఆస్తి పన్ను నిమిత్తం ఆ స్థలంలో భాగంగా లెక్కించరాదంటున్నది. పూరింటికి పన్ను బకాయి పడితే పంచాయతీ గుమాస్తా గడప తొక్కుతాడు. కోట్లు గడించే కంపెనీకేమో చట్టంలోనే చాటు!

ఇక రేడియేషన్ భయం. ఈ విషయంలో పుకార్లు నమ్మి పోరాడితే ఓడిపోతాం. టవరు తరంగాలతో జబ్బులు వస్తాయని ఇంతవరకు రుజువు కాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2011లో ఈ తరంగాలను "బహుశా కారకం కావచ్చు" అన్న వర్గంలో చేర్చింది. 2012 సెప్టెంబర్ 1 నుంచి మన దేశంలో అంతర్జాతీయ పరిమితిలో పదోవంతునే హద్దుగా పెట్టారు. వట్టి భయం చూపి టవరును ఆపడానికి వీల్లేదని కేరళ హైకోర్టు 2006లోనే ఒక గ్రామ పంచాయతీ కేసులో చెప్పింది. హద్దు దాటిందన్న అనుమానం ఉంటే టెలికం శాఖ చేత కొలిపించమని అడగొచ్చు. ఆ అంకెలు ఊరి ముందు పెట్టించాలి. భయం కన్నా అంకెలే మనకు గట్టి ఆయుధం.

మరి చేయవలసిందేమిటి? టవరు మాట వినపడగానే గ్రామసభలో చర్చకు పెట్టించండి. ఒప్పందం ఎవరితో, ఎన్నేళ్ళకు, బడికీ ఇళ్ళకూ ఎంత దూరం అన్నది సమాచార హక్కు చట్టం కింద పంచాయతీలో ఉన్న కాగితాల ద్వారా తెలుసుకోండి. కౌలుదారు ఉన్న చేనైతే అతనికి పంట నష్టం ఇచ్చాకే పని మొదలుపెట్టాలని నిలదీయండి. వీలైన చోట టవరును పంచాయతీ స్థలంలోనే వేయించండి. అప్పుడు అద్దె ఊరికే వస్తుంది. వీధి దీపాలకో, మంచినీళ్ళకో అక్కరకొస్తుంది. పన్ను హక్కు పంచాయతీలకు స్పష్టంగా దక్కేలా చట్టం సవరించమని ప్రతి గ్రామసభా తీర్మానం చేసి పంపాలి.

73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలను స్వపరిపాలనా సంస్థలంది. సంతకం పెట్టే పనికి మాత్రమే సర్పంచి, చప్పట్లు కొట్టడానికి మాత్రమే గ్రామసభ అయితే ఆ మాటకు అర్థం లేదు. సిగ్నలూ కావాలి, చెప్పే హక్కూ కావాలి. రెండూ మనవే.