ఏసీ కొనే ముందు ఈబీ కార్డు

ఎండలు మొదలైతే మన క్లాసులో ఒకటే మాట, ఎవరింట్లో ఏసీ పెట్టించారు, ఎంతయింది అని. "ముప్పై ఐదు వేలు" అని ఒకరు, "మాకు నలభై రెండు" అని ఇంకొకరు. అది షోరూమ్‌లో కట్టిన డబ్బు మాత్రమే. మా ఇంట్లో సంక్రాంతి నుంచి ఈ లెక్క నడుస్తోంది. రాసే పని నాకు అప్పగించారు. ఆర్ట్స్ చదివేదానికి లెక్కలెందుకు అని తమ్ముడు నవ్వాడు, నవ్వనీ. ఆ నోట్‌బుక్కులో ఉన్నదే ఇక్కడ పెడుతున్నాను.

మాది పెరంబూరు వైపు రెండో అంతస్తు. పైన ఇంకెవరూ లేరు, మిద్దె ఒక్కటే. అమ్మ దాన్ని తమిళంలో మొట్టైమాడి అంటుంది. అమ్మకు మే నెలంటే అగ్నినక్షత్రం, నాయన తల్లి మా అవ్వకు రోహిణి కార్తె. ఏ పేరుతో పిలిచినా ఉక్క ఒకటే. పగలంతా కాగిన కాంక్రీటు అర్ధరాత్రి దాకా గదిలోకి వేడి దింపుతూనే ఉంటుంది. అవ్వకు డెబ్బై నాలుగేళ్ళు, బీపీ మాత్రలు వేసుకుంటుంది. పోయిన మే నెలలో రెండు రాత్రులు నిద్ర లేక, కళ్ళు తిరిగి, మంచం మీద లేచి కూర్చుండిపోయింది. డాక్టరమ్మ రాత్రిపూట గది చల్లగా ఉంచమన్నారు. అందుకని మా ఇంట్లో ఏసీ మాట దర్జా కోసం వచ్చింది కాదు.

కూలర్ చాలదా అని అనంతపురం నుంచి అత్త ఫోన్లో అడిగింది. వాళ్ళకు చాలుతుంది. అక్కడ గాలి పొడిగా ఉంటుంది, నీళ్ళు ఆవిరై గాలిని చల్లబరుస్తాయి. చెన్నైలో గాలికే తడి ఎక్కువ, నీళ్ళు సరిగ్గా ఆవిరి కావు. కూలర్ పెడితే గది ఇంకా జిడ్డుగా తయారవుతుంది. ఏసీ గాలిలోని తేమను కూడా లాగేస్తుంది. పైపులోంచి బకెట్టులోకి కారేది ఆ నీళ్ళే. ఇల్లు తుడవడానికి బాగా పనికొస్తాయి.

ఇక టన్ను. ఇది మిషను బరువు కాదు. ఒక టన్ను ఐసు (అమెరికా టన్ను, అంటే సుమారు 907 కిలోలు) 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని ఒక రోజులో గదిలోంచి బయటికి మోసే శక్తి. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు, లోపలి వేడిని తీసుకెళ్ళి బయట పారేస్తుంది. బయటి యూనిట్ ఎదురుగా పక్కింటి కిటికీ ఉంటే ఆ వేడి వాళ్ళకే. మన వీధుల్లో ఇళ్ళు ఆనుకుని ఉంటాయి కాబట్టి ఇది ముందే ఆలోచించాల్సిన విషయం. మా గది పది బై పది, ఒక టన్ను చాలు. షాపతను మాత్రం ఒకటిన్నర తీసుకోండని పట్టుబట్టాడు.

"ఇన్వర్టర్ ఏసీ" అంటే కరెంటు పోయినా నడుస్తుందని అమ్మ సంతోషపడింది. ఈ ఇన్వర్టర్ వేరు, బ్యాటరీ ఇన్వర్టర్ వేరు. మామూలు ఏసీలో కంప్రెసర్ పూర్తి వేగంతో తిరుగుతుంది, లేదంటే ఆగిపోతుంది. ఇన్వర్టర్ రకంలో గది చల్లబడ్డాక వేగం తగ్గించుకుని మెల్లగా తిరుగుతుంది. కరెంటు ఆదా అక్కడే.

స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని ఉంటుంది. ఆ అంకె ఏడాదికి 1600 గంటల వాడకం మీద వేసింది. స్టార్ల ప్రమాణాలు అప్పుడప్పుడు బిగిస్తుంటారు, అందుకని పాత స్టాకులోని అయిదు స్టార్లు కొత్త లెక్కలో తక్కువ కావచ్చు. లేబుల్ మీద సంవత్సరం కూడా చదవండి. మేము చూసిన ఒక టన్ను ఏసీకి 560 యూనిట్లని ఉంది. 1600తో భాగిస్తే గంటకు 0.35 యూనిట్. వినడానికి బాగుంది. కానీ కాగిన మిద్దె కింద మిషనుకు విశ్రాంతి ఉండదు, అందుకని నేను రెట్టింపు, 0.7 వేసుకున్నాను. రాత్రికి ఎనిమిది గంటలంటే 5.6 యూనిట్లు. రెండు నెలలకు 336.

రెండు నెలలకు అని ఎందుకంటే తమిళనాడులో ఈబీ బిల్లు రెండు నెలలకొకసారి. మొదటి 100 యూనిట్లు ఉచితం. మొత్తం 500 లోపు ఉంటే ఆ తర్వాతి వందకు బాగా తక్కువ రేటు. 500 దాటారో, ఆ తక్కువ రేటు పోతుంది, పైన కాల్చిన యూనిట్లకు ఇంకా పెద్ద రేటు పడుతుంది. అంటే 501వ యూనిట్ తన ధర ఒక్కటే తీసుకురాదు, కింద ఉన్న యూనిట్ల ధర కూడా పెంచుతుంది. వేసవిలో మా ఇంటి వాడకం ఏసీ లేకుండానే 290. దానికి 336 కలిపితే 626.

మా ఇంట్లో అసలు చర్చ అక్కడ మొదలైంది. నేను ఇంకో లెక్క వేశాను. 2020 నుంచి గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని నియమం ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు మిగులుతుందని ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెప్తుంది. 26లో పెట్టి, ఫ్యాను వేసి, ఆరు గంటలే నడిపితే, గంటకు అర యూనిట్ చొప్పున రాత్రికి మూడు, రెండు నెలలకు 180. మొత్తం 470. గీత లోపలే ఉంటాం. రిమోట్ మాత్రం తమ్ముడి చేతిలో ఉండకూడదు. వాడు 18 పెడితే గది త్వరగా చల్లబడుతుందనుకుంటాడు. చల్లబడదు, మిషను ఎక్కువసేపు కష్టపడుతుంది అంతే.

అద్దె పోర్షన్లలో ఉండి ఓనరు సబ్‌మీటరుకు యూనిట్‌కు ఇంత అని కట్టేవాళ్ళకు ఈ లెక్క కుదరదు. ఉచితం వంద ఉండదు, ప్రతి యూనిట్‌కూ ఒకే ధర. గోడకు రంధ్రం వెయ్యడానికి, స్టాండు బిగించడానికి ఓనరు అనుమతి కూడా కొనే ముందే అడగాలి. ఇల్లు మారితే విప్పి, మళ్ళీ బిగించి, గ్యాస్ చూసుకునే ఖర్చు ఇంకోసారి.

గ్యాస్ అంటే గుర్తొచ్చింది. ఏటేటా గ్యాస్ నింపాలని కొందరు మెకానిక్కులు అంటారు. వంట సిలిండరు లాగా అది ఖర్చయ్యేది కాదు, మూసిన పైపుల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. లీకు మూయకుండా నింపితే డబ్బు గాలికే. మన ఊళ్ళో ఉప్పుగాలికి కాయిల్ తుప్పు పట్టడం మామూలే. రాగి కాయిల్ అయితే అతుకు వేసుకోవడం సులువు, అందుకే మేము రాగిదే చూశాం.

జీఎస్టీ 2025 సెప్టెంబరులో 28 నుంచి 18 శాతానికి దిగింది కదా, ఆ ధైర్యంతో నాయన 36 వేల ఏసీ ఎంచారు. బిగింపు 1,500, స్టాండు 800, అదనపు రాగి పైపు 1,800. ఎలక్ట్రీషియన్ వచ్చి మా పాత వైరింగు ఏసీకి ఆగదన్నాడు. మీటరు దగ్గర్నుంచి విడి లైను, దానికో ఎంసీబీ, పెద్ద సాకెట్టు, ఎర్తింగ్, అన్నీ కలిపి 5,000. మొత్తం 45,100. వైరింగు దగ్గర బేరమాడవద్దని నా గట్టి అభిప్రాయం. సన్న తీగ వేడెక్కి కాలితే పోయేది ఏసీ ఒక్కటే కాదు.

ఇంత లెక్కలోనూ వంటింటి మాట ఎవరూ ఎత్తలేదు. ఇంట్లో అన్నిటికన్నా వేడి గది అదే, మే నెలలో అమ్మ అక్కడ మూడు పూటలా నిలబడుతుంది. అక్కడికి ఏసీ రాదు. నేను నోట్‌బుక్కులో ఎగ్జాస్ట్ ఫ్యాను అని ఒక వరస కలిపాను. నాయన చూసి ఏమీ అనలేదు, కొట్టెయ్యనూ లేదు.

మిద్దె సంగతి అవ్వ చెప్పింది. ఆమె పుట్టిన ఇల్లు జార్జిటౌనులో, మద్రాస్ టెర్రస్ కప్పు. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి, సున్నంతో కట్టి, పైన పలకలు పరిచేవాళ్ళు. మందం ఎక్కువ, ఎత్తూ ఎక్కువ, కింద చల్లగా ఉండేదంటుంది. మనకు ఆ కప్పు రాదు గానీ, ఉన్న కాంక్రీటుకు తెల్లపూత వెయ్యొచ్చు. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసమే కూల్ రూఫ్ విధానం తెచ్చింది. మిద్దె తక్కువ కాగితే నేను వేసుకున్న 0.7 కూడా తగ్గుతుంది. వచ్చే ఆదివారం సున్నం వేస్తున్నాం, ఏసీ ఆ తర్వాత.

మీ ఇంట్లో కొనాలనుకుంటే పోయిన వేసవి మే, జూన్ రీడింగులు ఉన్న ఈబీ కార్డు, గది కొలతలు తీసుకురండి. మధ్యాహ్నం భోజనం తర్వాత లైబ్రరీ మెట్ల దగ్గర ఉంటాను, కలిసి లెక్క వేద్దాం.