డొంక నుంచి డాబా మీదికి

శ్రావణమాసంలో ఒక రాత్రి, తొమ్మిది దాటాక, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కబురొచ్చింది: "బ్రహ్మకమలం విచ్చుకుంటోంది, అందరూ రండి." మూడో అంతస్తుకు వెళ్ళేసరికి బాల్కనీలో దీపం వెలుగుతోంది. కుండీకి పసుపూ కుంకుమా పెట్టారు. అరచేతిని మించిన తెల్లటి పువ్వు చూస్తుండగానే రేకులు సడలించుకుంటూ గుప్పున వాసన వదులుతోంది. హారతిచ్చారు, కళ్ళకద్దుకున్నాం. "హిమాలయాల్లో పూసేది మనింట్లో పూసిందంటే మాటలా అన్నయ్యగారూ!" అంది ఆ ఇంటావిడ. మాటలు కావన్నట్టు తలూపాను. హారతి పళ్ళెం ముందు వృక్షశాస్త్రం మాట్లాడేవాణ్ణి రెండోసారి ఎవరు పిలుస్తారు?

ఇక్కడైతే చెప్పొచ్చు. ఆ రాత్రి హారతి అందుకున్నది ఒక కాక్టస్. హిమాలయాల బ్రహ్మకమలం వేరు. అది ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం, చామంతి కుటుంబానికి చెందినది. మన బాల్కనీల్లోది ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్. మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్టు కొమ్మలను పట్టుకుని బతికే జెముడు. ఆకులనుకుంటున్నవి నిజానికి చదునుగా సాగిన కాండాలు. మొగ్గ 'ఆకు' అంచులోంచి వేలాడటంలో వింత అదే.

ఇంకో వింత అదే ఇంటి గుమ్మానికి వేలాడుతోంది. దిష్టి కోసం తలకిందులుగా కట్టిన కలబంద. మట్టి లేదు, చుక్క నీరు లేదు. అయినా నెలల తరబడి పచ్చగా ఉంటుంది, కొసలను మెల్లగా వెలుతురు వైపు వంచుకుంటుంది. లోపల టీవీ పక్కన, ఆ ఇంటి అమ్మాయి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న బుల్లి సిరామిక్ కప్పులో, గులాబీలా ఆకులు పరుచుకునే ఒక ఎకెవేరియా మొక్క. దానికి రోజూ పొద్దున్నే స్ప్రేతో నీళ్ళు కొడుతున్నారట. పట్టించుకోని కలబంద బతికింది, ముద్దు చేసిన ఎకెవేరియా మొదలు దగ్గర అప్పటికే నల్లబడుతోంది.

పాలు కారితే చుట్టం కాదు

ఆ ఇంట్లో చూసిన మూడూ సక్యులెంట్లే. సక్యులెంట్ అనేది ఇంటిపేరు కాదు, అలవాటు పేరు. ఆకులోనో, కాండంలోనో, వేరులోనో నీళ్ళు దాచుకునే మొక్క ఏదైనా ఆ లెక్కలోకే వస్తుంది. అలాంటివి సుమారు 10,000 జాతులు. మన కలబంద, రణపాల, నల్లేరు, కిత్తనార, గంగపావిలి కూర, రాయలసీమ గుట్టల మీది కుందేటి కొమ్ములు అన్నీ సక్యులెంట్లే. నల్లేరు పచ్చడి తిని పెరిగినవాళ్ళకు సక్యులెంటంటే కొత్త ఫ్యాషనని చెప్పబోతే నవ్వొస్తుంది.

కాక్టస్ మాత్రం ఒకే కుటుంబం. 1,500కు పైగా జాతులు. రిప్సాలిస్ అనే ఒక్క రకం ఆఫ్రికా, శ్రీలంకల్లోనూ సహజంగా పెరుగుతుంది గానీ, తక్కినవన్నీ అమెరికా ఖండాల సొత్తే. గుర్తుపట్టడం తేలిక. ముల్లు మొలిచే చోట దూది అద్దినట్టు చిన్న మెత్త కనిపిస్తే కాక్టస్. గిల్లినప్పుడు తెల్లటి పాలు కారితే చాలావరకు యుఫోర్బియా. కాక్టస్‌కు పోలికే తప్ప చుట్టరికం లేదు. పొలం గట్ల మీది బొంతజెముడు, ఆకుజెముడు ఈ పాల జాతివే, ఈ నేల మొక్కలే. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. కొమ్మలు కత్తిరించేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, ఆ చేత్తో ముఖం తుడుచుకోకండి.

డొంకల్లో పడగలెత్తి కూర్చునే నాగజెముడు మాత్రం అసలు సిసలు కాక్టస్, ఓడెక్కి వచ్చిన అతిథి. దీని వెనక ఒక ఎర్ర రంగు కథ ఉంది. కొచినీల్ అనే ఆ రంగు వ్యాపారం అప్పట్లో స్పెయిన్ గుప్పిట్లో ఉండేది. రంగు ఒక పురుగులోంచి వస్తుంది, ఆ పురుగు జెముడు మీద బతుకుతుంది. దాన్ని మనదేశంలోనే పెంచాలని ఈస్టిండియా కంపెనీ ఆశ. జేమ్స్ ఆండర్సన్ అనే డాక్టరు మద్రాసు సైదాపేటలో ఏకంగా జెముడు తోటే వేయించాడు. 1795లో బ్రెజిల్ నుంచి పురుగూ వచ్చింది, కానీ అది కావలసిన జాతి కాదు. రంగు అంతంతమాత్రం, ఆకలి మాత్రం అమోఘం. ఒక రకం జెముడును ఊరూరా తినేసింది. అది ముట్టని రకాలు పొలాలను ఆక్రమించాయి. చివరికి 1926లో శ్రీలంక నుంచి వేరే జాతి పురుగును తెచ్చి మద్రాసు ప్రెసిడెన్సీలో వదిలాక గానీ వాటి పొగరు అణగలేదు. కాబట్టి మీ జెముడు మీద దూది పింజలా తెల్లగా కనిపించినదాన్ని గోటితో నలిపితే ఎర్రగా అయిందనుకోండి, కంగారు పడకండి. చరిత్ర అంటుకుందంతే.

పొద్దున పులుపు, మధ్యాహ్నం చప్పన

నేను కొన్న మొదటి ఎకెవేరియా మే నెల ఎండల్లో చావలేదు. జులై ముసురులో చచ్చింది. నిన్నటిదాకా గులాబీలా ఉన్నది, ముట్టుకుంటే ఆకులు జావలా జారిపోయాయి. దాహంతో పోయిందనుకుని పక్క కుండీకి ఇంకో చెంబు పోశాను. వారానికి అదీ పోయింది.

ఈ మొక్కల గుట్టు రణపాల ఆకులో ఉంది. ఒకప్పుడు సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను చూసుకున్న బెంజమిన్ హైనె అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆ ఆకును పూటపూటా నమిలి చూశాడు. పొద్దున పుల్లగా ఉంది, మధ్యాహ్నానికి చప్పబడింది, సాయంత్రానికి కాస్త చేదెక్కింది. ఆ సంగతి 1813లో ఉత్తరంగా రాస్తే, లండన్ లిన్నేయన్ సొసైటీ 1815లో అచ్చు వేసింది. నేటి శాస్త్రం దాని కారణం చెబుతుంది. మామూలు మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి, ఆ దారినే నీటినీ పోగొట్టుకుంటాయి. ఇవి పగలంతా తలుపులు బిగించుకుని, చల్లబడ్డాక రాత్రి తెరుస్తాయి. పీల్చుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా దాచి, పొద్దెక్కాక ఎండతో వంట చేసుకుంటాయి. ఆ పులుపు రాత్రి పోగేసిన సరుకే. (మీరు నమలక్కర్లేదు. ఆయన నమిలింది చాలు.)

సంరక్షణంతా ఇందులోంచే వస్తుంది. పగలు ఆవిరయ్యేది తక్కువ కాబట్టి తాగేదీ తక్కువే. రాత్రి చల్లబడితేనే దానికి హాయి. కొండ ఊళ్ళలో పుట్టిన ఎకెవేరియా ఊటీలో పెళ్ళికూతురిలా ఉండి, విజయవాడ వచ్చేసరికి వడలిపోయేది అందుకే. మన కోస్తాలో వేసవి రాత్రి కూడా ఉక్కే. హైదరాబాదులో చలికాలం నాలుగు నెలలూ అది కళకళలాడుతుంది, ఏప్రిల్ నుంచి కునుకు తీస్తుంది. ఆ కునుకులో ఉన్నప్పుడు నీళ్ళు తగ్గించి నీడన పెట్టాలి.

కోస్తావాళ్ళకు నా సలహా ఒకటే. ఊటీ మోజు మానుకుని ఎడారి గులాబీ, అదే అడీనియమ్, పెంచుకోండి. ఎంత ఎండైనా దానికి పండగే. డిసెంబరులో ఆకులు రాల్చి మొండిగా నిలబడితే చచ్చిందనుకుని నీళ్ళు కుమ్మరించకండి. పడుకున్నదాన్ని లేపి అన్నం పెట్టడమే అవుతుంది, దుంప కుళ్ళుతుంది. రసం విషం కాబట్టి పసిపిల్లలకు అందేలా ఉంచకండి. స్నేక్ ప్లాంటు, జేడ్, ముళ్ళ కిరీటం కూడా మన ఉక్కకు తట్టుకునేవే. బద్ధకస్తులకు స్నేక్ ప్లాంటును మించింది లేదు. ఊరెళ్ళి మూడు వారాల తర్వాత వచ్చినా అలిగిన మొహం పెట్టదు.

చీపురు పుల్ల పరీక్ష

వారానికి ఎన్నిసార్లు నీళ్ళు పోయాలని అందరూ అడుగుతారు. వారానికీ మొక్కకూ సంబంధం లేదు. చీపురు పుల్ల ఒకటి కుండీ అడుగుదాకా గుచ్చి తీయండి. తడి మట్టి అంటితే చెంబు అక్కడ పెట్టేయండి. పొడిగా వస్తే అడుగు కన్నంలోంచి కారేదాకా పోయండి, మళ్ళీ పుల్ల పొడిగా వచ్చేదాకా మరిచిపోండి. స్ప్రే బాటిల్ వీటికి శత్రువు. వేరు తడవదు, ఆకుల సందుల్లో మాత్రం నీరు నిలిచి కుళ్ళు మొదలవుతుంది. వానాకాలం ముసురు పడుతుంటే చూరు కిందికి లాగడం ఒక్కటే పని.

మట్టి సంగతి మీద కాస్త కోపంగానే మాట్లాడతాను. నర్సరీ కుండీలో చాలాసార్లు ఉండేది వట్టి కోకోపీట్. లారీలో తేలిగ్గా పోతుంది, వాళ్ళకు అది సౌకర్యం. మన ఇంట్లో మాత్రం అది తడిస్తే ఓ పట్టాన ఆరదు. కొన్న వారంలో మొక్కను తీసి, వేళ్ళ చుట్టూ ఉన్నదంతా దులిపేయండి. మామూలు మట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, పప్పు బద్దలంత ఇటుక ముక్కలో పెర్లైటో ఒక పాలు, పిడికెడు వర్మీ కంపోస్టు. మట్టి కుండీ, అడుగున కన్నం. కన్నం లేని సిరామిక్ కప్పులను పెన్నులు పెట్టుకోవడానికి వాడండి.

వెలుతురు చాలకపోతే మొక్క మెడ చాచి సన్నగా సాగుతుంది. సాగింది మళ్ళీ కురచ కాదు, తల కత్తిరించి నాటడమే దారి. అలాగని నీడలో ఉన్నదాన్ని ఒక్కసారిగా డాబా మీద మిట్టమధ్యాహ్నం ఎండలో పెడితే కాలి తెల్లటి మచ్చలు పడతాయి. పొద్దుటి ఎండ గంటతో మొదలుపెట్టి రెండు వారాల్లో పెంచుకుంటూ పోవాలి. పిండినల్లి పడితే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, తర్వాత సాయంత్రం పూట వేపనూనె కొట్టండి.

కొనేటప్పుడు రెండు మాయలుంటాయి. పూసినట్టు కనిపించే బుల్లి కాక్టస్ పువ్వును మెల్లగా కదపండి, వేడి జిగురుతో అంటించిన ఎండు పువ్వు కావచ్చు. ఎర్రగా, పసుప్పచ్చగా బంతిలా మెరిసే మూన్ కాక్టస్‌కు పత్రహరితం లేదు. కింద పచ్చటి కాండం వండిపెడితే పైది తింటుంది. ఆ కింది కాండం చాలావరకు డ్రాగన్ ఫ్రూట్ చెట్టుదే. ఈ కాపురం కొన్నేళ్ళకు మించి సాగదు, మీ తప్పు ఉండదు.

మన బ్రహ్మకమలానికి పై సూత్రాలు సగమే వర్తిస్తాయి. అడవి జెముడు కదా, దానికి చెట్టునీడ, ఆకుల ఎరువు, కాస్త ఎక్కువ తడి కావాలి. ఆ రాత్రి పువ్వు తెల్లారేసరికి వాలిపోయింది. మర్నాడు ఆ ఇంటావిడ జానెడు ముక్క కత్తిరించి ఇస్తూ, "ఇవాళే నాటేయండి అన్నయ్యగారూ, నీళ్ళు మరిచిపోకండి" అంది. అలాగేనమ్మా అన్నాను. ముక్క ఇప్పుడు మా చెప్పుల స్టాండు మీద న్యూస్‌పేపరు మడతలో ఉంది. కోసిన చోట ఇంకా పచ్చి ఆరలేదు. శుక్రవారానికి నాటొచ్చు.