పార్సిల్‌లో పలువరుస

డెంటల్ కాలేజీల్లో వాడే పళ్ల నమూనాల్లో పేరున్నవి చాలావరకు విదేశీ కంపెనీలవే. జపాన్‌లో నిస్సిన్, జర్మనీలో ఫ్రాసాకో, అమెరికాలో కొలంబియా డెంటోఫార్మ్ లాంటివి దశాబ్దాలుగా ఇదే పనిలో ఉన్నాయి. 32 పళ్ల దవడ, పాలపళ్ల దవడ, చిగుళ్లు జారిన దవడ, పిప్పిపన్నును నిలువుగా కోసి చూపించేది, ఇలా అడిగిందల్లా వాళ్ల దగ్గర ఉంటుంది. చుట్టను తిప్పి నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే మనిషి అంగిలి ఎలా మారిపోతుందో చూపించే నమూనా కోసం మాత్రం అటువైపు చూసి లాభం లేదు. అది వాళ్ల ఊరి జబ్బు కాదు. ఇంట్లోనే పళ్ల నమూనాలు చేసి పోస్టులో అమ్ముకుందామనుకునేవాళ్లకు ముందుగా వచ్చే సందేహం ఏ త్రీడీ ప్రింటర్ కొనాలన్నది. ఆ యంత్రంతో ఎవరి నోటిని అచ్చు వేస్తామన్నది అంతకంటే ముందు తేలాలి. ఆరోగ్యంగా ఉన్న నోటిని పెద్ద కంపెనీలు వేలల్లో పోసి అమ్ముతున్నాయి. మన జిల్లాల నోటిని పదీ ఇరవై చొప్పున, అడిగినవాళ్లకు అడిగినట్టు చేసిచ్చేవాళ్లు అరుదు. చిన్న వ్యాపారానికి చోటు ఉంటే అక్కడే ఉందని నా వాదన.

దీనికి మొదటి అభ్యంతరం, కాలేజీ విద్యార్థులను వదులుకోవడమేమిటని. దేశంలో 300కు పైగా డెంటల్ కాలేజీలున్నాయి, ఏటా కొత్త బ్యాచ్ వస్తుంది, ప్రతి విద్యార్థికీ నమూనాలు కావాలి. లెక్క చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ బీడీఎస్ విద్యార్థి క్లినిక్‌లోకి వెళ్లకముందు డ్రిల్లింగ్ నేర్చుకునే టైపోడాంట్ మామూలు బొమ్మ కాదు. అందులో ప్రతి పన్నూ స్క్రూతో బిగించి ఉంటుంది, పాడైతే ఒక్క పన్నే మార్చుకోవచ్చు. ఆ పన్ను డ్రిల్లు కింద కరగకూడదు, పెళ్లలుగా ఊడకూడదు, అసలు పన్నులాగా కోతకు లొంగాలి. గ్లాస్గోకు చెందిన ఆస్వాల్డ్ ఫెర్గస్ 1894లో నకిలీ తలకు దవడ బిగించి విద్యార్థులకు అలవాటు చేయించినప్పటి నుంచి ఈ వస్తువు మెరుగుపడుతూ వచ్చింది. ఇంటి వెనక గదిలో పోసిన రెజిన్ పన్ను దానికి సాటి రాదు. పైగా కాలేజీలు వీటిని డీలర్ల ద్వారా మొత్తంగా కొంటాయి. ఆ పోటీలోకి దిగినవాడు ధర తగ్గించుకుంటూ పోవడం తప్ప చేయగలిగింది లేదు.

ఇక మన నోళ్ల సంగతి. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో, చుట్టను వెలిగించిన వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు తరతరాలుగా ఉంది. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. ముందు అంగిలి తెల్లబారి మందమవుతుంది. దానిమీద చిన్న లాలాజల గ్రంథుల రంధ్రాలు ఎర్రటి చుక్కల్లా తేలతాయి, కొన్నిచోట్ల నల్లమచ్చలు, పుండ్లు వస్తాయి. ప్రపంచంలో చాలాచోట్ల అరుదుగా కనిపించే గట్టి అంగిలి క్యాన్సర్ ఈ తీరంలో ఎక్కువగా బయటపడడానికి కారణం ఇదే. దశాబ్దాలుగా దీనిమీద వైద్య పరిశోధనలు అచ్చవుతూ వచ్చాయి. ఇందులో అసలు చిక్కేమిటంటే, ఎవరి అంగిలి వాళ్లకు కనపడదు. అద్దం పట్టుకుని తల ఎంత వెనక్కి వంచినా పూర్తిగా కనపడదు. ఊళ్లో శిబిరం పెట్టిన డాక్టరు 'మీ అంగిలి తెల్లబారిందమ్మా' అంటే ఆవిడ ఏమని అర్థం చేసుకోవాలి? మామూలు అంగిలి ఒకటి, తెల్లబారింది ఒకటి, పుండు పడింది ఒకటి, మూడూ వరసగా ఆవిడ చేతికిస్తే, వేలితో తడిమి తేడా తనే చెబుతుంది.

ఫ్లోరోసిస్‌ది మరో కథ. ఇప్పటి ప్రకాశం జిల్లాలో భాగమైన, అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాల్లో ఫ్లోరైడ్ నీటి వల్ల వచ్చే రోగాన్ని షార్ట్, ఆయన సహచరులు 1937లోనే వర్ణించారు. నల్గొండ సంగతి వేరే చెప్పక్కర్లేదు, నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికే ఆ జిల్లా పేరు పెట్టారు. పంటి పింగాణీ చిన్నతనంలో, చిగుళ్ల లోపల ఉండగానే తయారవుతుంది. అప్పుడు తాగిన నీరు ఏళ్ల తర్వాత మొలిచిన పన్ను మీద మచ్చగా కనపడుతుంది. దాన్ని కొలవడానికి అమెరికా డాక్టరు ట్రెండ్లీ డీన్ రూపొందించిన సూచికలో ఆరు మెట్లున్నాయి. మచ్చలేని పన్ను మొదటిది, అనుమానపు తెల్లచుక్కలు రెండోది, అక్కడి నుంచి గోధుమరంగు పట్టి గుంటలు పడిన పన్ను వరకు. బడి పిల్లల పళ్లు చూసి నమోదు చేసే ఇద్దరు డాక్టర్లు ఒకే పన్నుకు చెరో మెట్టు రాస్తే సర్వే మొత్తం పనికిరాకుండా పోతుంది. ఆ ఆరు మెట్లనూ ఆరు పళ్ల మీద చేత్తో రంగులద్ది, ఒకే పీఠం మీద బిగించి అమ్మితే, దంత ప్రజారోగ్య విభాగాలకు అది నిజంగా పనికొచ్చే వస్తువు. ఇక్కడ యంత్రం పని సగమే. తెల్లని సుద్దమచ్చకూ పిప్పి మొదలయ్యే ముందు వచ్చే తెల్లమచ్చకూ తేడా పట్టే కన్నూ, సన్నకుంచె పట్టే చెయ్యీ మిగతా సగం.

గుట్కా, వక్క నమలడం వల్ల బుగ్గల లోపలి పొర నారకట్టి నోరు తెరుచుకోని జబ్బును కూడా ఇలాగే చూపించవచ్చు. ఆరోగ్యంగా ఉన్న మనిషి నోట్లో తన వేళ్లే మూడు నిలువుగా పడతాయి. రెండు వేళ్ల దవడ, ఒక వేలి దవడ పక్కన పెడితే కాలేజీ కుర్రాడు తన నోటిని అప్పటికప్పుడు కొలుచుకుంటాడు.

అయితే తయారీ అంత తేలిక కాదు, ప్లాస్టర్‌తో మొదలుపెట్టినా సరే. మైనంతో తీసిన అచ్చులో ప్లాస్టర్ పోసి దవడ నమూనా చేయడం గురించి జర్మన్ దంతవైద్యుడు ఫిలిప్ ఫాఫ్ 1756లోనే రాశాడు. మూలసూత్రం నేటికీ అదే. జిప్సంను వేడిచేసి నీరు తీసేస్తే పొడి అవుతుంది, మళ్లీ నీరు కలిపితే బిగుసుకుంటుంది. 100 గ్రాముల పొడి బిగుసుకోవడానికి రసాయనికంగా కావాల్సిన నీరు 18.6 మిల్లీలీటర్లే. కానీ మామూలు ప్లాస్టర్ అచ్చులోకి పారాలంటే 45 నుంచి 50 మిల్లీలీటర్లు పోయాలి, అంతకంటే గట్టి రకమైన డెంటల్ స్టోన్‌కైతే 28 నుంచి 30 చాలు. అదనంగా పోసిన నీరు ఆరిపోయి, అది ఉన్నచోట సన్నటి ఖాళీలు మిగులుతాయి. ప్లాస్టర్ పన్ను గోటికి రాలి, స్టోన్ పన్ను నిలబడడానికి తేడా అంతా ఆ ఖాళీల్లోనే ఉంది. ముందు గిన్నెలో నీరు, తర్వాత పొడి, ఆ వరస తప్పకూడదు. కలిపినదాన్ని సిలికాన్ అచ్చులో ఒక దవడ కొస నుంచి కొద్దికొద్దిగా వదులుతూ, అచ్చును అదురుతున్న బల్ల మీద పెడితే గాలి ముందుకు తోసుకుపోతుంది. నడిమధ్య ఒక్కసారి కుమ్మరిస్తే కోరపన్ను కొసన బుడగ చిక్కుతుంది, ఆ నమూనా ఇక చెత్తబుట్టకే. కోస్తాలో వానాకాలం వచ్చిందంటే మూత సరిగా పడని డబ్బాలోని పొడి గాలిలోని తేమనే పీల్చుకుని చెడుతుంది. రెజిన్ ప్రింటర్‌కు ఈ బాధలు లేవు, దాని బాధలు దానికున్నాయి. ఎల్‌సీడీ తెర ప్రింటర్లో పట్టే సమయం నమూనా ఎత్తును బట్టే గానీ ఎన్ని పెట్టామన్నదాన్ని బట్టి కాదు. అందుకని ఆర్డర్లు పోగేసి పళ్లెం నిండా పెట్టినవాడికే గిట్టుబాటు. బిగియని రెజిన్ చర్మానికి తగిలితే అలర్జీ రావచ్చు, కడగడానికి వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఇట్టే అంటుకుంటుంది. వంటింటి గట్టు మీద, గ్యాస్ పొయ్యి పక్కన చేయదగిన పని కాదిది. కడిగిన నీళ్లు కాలువలో పోయకూడదు.

'ప్రింటర్ ఇవాళ ఎవరైనా కొనొచ్చు, ఫైళ్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి, కాలేజీలే సొంతంగా అచ్చు వేసుకుంటాయి కదా' అన్నది గట్టి అభ్యంతరమే. ఆరోగ్యమైన దవడ విషయంలో అది నిజం, ఆ వ్యాపారం వద్దన్నది అందుకే. అడ్డపొగ అంగిలికి ఉచిత ఫైలు ఎక్కడుంది? ఒకవేళ దొరికినా, చాలా ఉచిత ఫైళ్లకు వ్యాపారానికి వాడరాదన్న షరతు ఉంటుంది. విదేశీ నమూనా ఒకటి కొని దానిమీద సిలికాన్ పోసి అచ్చు తీయాలనే ఆశ కూడా పుడుతుంది. నోటి నిర్మాణం ఎవడబ్బ సొత్తూ కాదు గానీ, రిజిస్టరయిన డిజైన్‌కు 2000 నాటి డిజైన్ల చట్టం కింద 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5 ఏళ్లు రక్షణ ఉంటుంది. కాబట్టి మూల నమూనా సొంతంగా చెక్కుకోవాలి. లేదా రోగి రాతపూర్వకంగా ఒప్పుకున్నాక, పేరూ ఊరూ తీసేసిన స్కాన్ ఒకటి డాక్టరు నుంచి తీసుకోవాలి. ఆ డాక్టరును ఊరికే అడక్కుండా, ప్రతి కొత్త నమూనా సరిగ్గా ఉందో లేదో చూసినందుకు ఫీజు ఇవ్వడం న్యాయం. తప్పుగా రంగేసిన ఫ్లోరోసిస్ పన్ను ఒకటి వంద మంది విద్యార్థులకు తప్పు నేర్పుతుంది. క్లినిక్‌లో పీకిన పళ్లను శుభ్రంచేసి సెట్లుగా అమ్మే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. జీవవైద్య వ్యర్థాల నిబంధనలు (2016) ఉన్నది అందుకే.

ఫోన్లో ఫొటో చూపిస్తే సరిపోదా అనేవాళ్లకు నా జవాబు, చాలాసార్లు సరిపోతుంది అనే. రూట్ కెనాల్ ఎలా చేస్తారో చెప్పడానికి చిన్న వీడియో ఏ నమూనాకన్నా మేలు. అందుకే రూట్ కెనాల్ నమూనా ఈ వ్యాపారంలో మొదటి వస్తువు కాకూడదు. తడిమితేనే తెలిసే గరుకుదనం, వేళ్లతో కొలిస్తేనే తెలిసే ఇరుకు, పక్కపక్కన పెడితేనే తెలిసే మెట్లు ఉన్నచోట తెర ఓడిపోతుంది.

పోస్టులో అమ్మడం మనకు కొత్త కాదు. 1877లో వచ్చిన వీపీపీ మీద పుస్తకాలూ మందులూ తెలుగు ఊళ్లకు ఎన్నో ఏళ్లు చేరాయి. సరుకు అందాక పోస్టుమ్యాన్‌కు డబ్బిచ్చే ఆ పద్ధతే ఇప్పుడు క్యాష్ ఆన్ డెలివరీ అయింది. చిన్న తయారీదారు దాని జోలికి పోకపోవడం మంచిది. తీసుకోకుండా తిప్పి పంపిన పార్సిల్‌కు రెండువైపులా ఖర్చు పంపినవాడి నెత్తినే పడుతుంది. ఇంతకంటే కనపడని ఖర్చు పెట్టె సైజులో ఉంది. చాలా కొరియర్ కంపెనీలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో హెచ్చించి 5000తో భాగిస్తాయి. వచ్చిన అంకె అసలు బరువుకంటే ఎక్కువైతే దానికే ఛార్జీ. అరకిలో దవడను భద్రం పేరుతో 30, 20, 20 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే 2.4 కిలోలకు డబ్బు కట్టాలి. అలాగని పెట్టె మరీ బిగువైతే ముందుపళ్ల అంచులు రాలతాయి. పై దవడనూ కింది దవడనూ కొరికించి కట్టకుండా, ఫోమ్‌లో విడివిడి గుంటలు కోసి పడుకోబెట్టాలి. పీఠాన్ని ఆ కొలతకు తగ్గించి చెక్కుకోవాలి. అంటే పెట్టె కొలత తేలాకే నమూనా గీయాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

కాగితాల పనిలో ఎక్కువమంది జారిపడేది జీఎస్టీ దగ్గర. సరుకు అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షల టర్నోవర్ వరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట నిజమే. కానీ ఆ మినహాయింపు సొంత రాష్ట్రంలో అమ్మినంతవరకే. కొన్ని హస్తకళా వస్తువుల సంగతి పక్కన పెడితే, విజయవాడ నుంచి హైదరాబాద్‌కు ఒక్క దవడ అమ్మినా రిజిస్ట్రేషన్ కావాలి. తెలుగువాళ్లు రెండు రాష్ట్రాల్లో ఉన్నారు గనుక మనకు ఇది మొదటి నెలలోనే ఎదురవుతుంది. చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, అది చేయించుకోవడంలో నష్టం లేదు. బోధనకూ ప్రదర్శనకూ వాడే నమూనా మనిషి నోట్లోకి వెళ్లదు. నోట్లో పెట్టే అలైనర్లు, క్యాపులు చేసిస్తామన్నారంటే మాత్రం వైద్య పరికరాల నిబంధనలు వచ్చి పడతాయి. ఆ గీత దాటకపోవడం మేలు.

వీటన్నిటి తర్వాత మిగిలేది పెద్ద ఆదాయం కాదు. కనీసం మొదట్లో ఇల్లు గడిపేటంత రాదు. డెంటల్ ల్యాబ్‌లో పనిచేసి పోతపని తెలిసినవాళ్లకు, బీడీఎస్ చదివి ఇంటిపట్టున ఉండాల్సి వచ్చినవాళ్లకు ఇది పక్క ఆదాయంగా సరిపోతుంది. చేత్తో రంగులద్దిన నమూనా చవకగా పోదు, పోనివ్వకూడదు కూడా. ప్రధాన కొనుగోలుదారు డెంటల్ కాలేజీల్లోని ప్రజారోగ్య విభాగం, ఊళ్లలో శిబిరాలు నడిపేది వాళ్లే. ఆ తర్వాత పొగాకు వ్యతిరేక ప్రచారం చేసే సంస్థలు, పాఠశాల పరీక్షలు చేసే బృందాలు. వాళ్ల కొనుగోళ్లకు ఒక కాలం ఉంటుంది. మార్చి 20 ప్రపంచ నోటి ఆరోగ్య దినం, మార్చి నెలాఖరుకు ఖర్చు చేయాల్సిన బడ్జెట్లు, మే 31 పొగాకు వ్యతిరేక దినం. పూర్తిగా ఆరిన స్టోన్ నమూనాకు తడిగా ఉన్నప్పటికంటే దాదాపు రెట్టింపు గట్టిదనం ఉంటుంది కాబట్టి, పోసిన సాయంత్రమే పెట్టెలో పెట్టి పంపడం కుదరదు. మే నెలాఖరు శిబిరానికి వెళ్లాల్సిన అంగిళ్లు ఏప్రిల్‌లోనే పోతకు వెళ్లాలి. రంగు ఆరడానికి రోజులు, డాక్టరు చూసి ఒప్పుకోవడానికి రోజులు, పోస్టుకు రోజులు పోను, మే మూడో వారం దాకా ఆగి ఆర్డరిచ్చే విభాగానికి ఈ ఏడాది కుదరదని ముందే రాసేయాలి.