జుహర్ ఎండలో మోటారు సైకిలు

రమజాన్ మాసం వచ్చిందంటే మదర్సా ఉపాధ్యాయులకు పాఠాల పని తగ్గి, రసీదు పుస్తకాల పని పెరుగుతుంది. జకాతు, చందాల సేకరణ కొరకు ఊరూరా తిరగవలసి ఉంటుంది. మా ఉస్తాదులు బస్సులలో తిరిగేవారు. మా తరం మోటారు సైకిళ్ళ మీద తిరుగుతున్నది. హిజ్రీ 1443 రమజాన్‌లో, అనగా 2022 ఏప్రిల్‌లో, మేము బొంరాస్‌పేట నుండి కొడంగల్ మీదుగా తాండూరుకు ఆ పని మీదనే వెళ్ళాము.

వికారాబాద్ జిల్లా అనగానే హైదరాబాదులోని బంధువులు అనంతగిరి కొండల చల్లగాలిని తలచుకుంటారు. మా వైపు సంగతి వేరు. వేసవిలో కంది చేలన్నీ బోసిగా ఉంటాయి. తాండూరు చేరువయ్యే కొద్దీ నాపరాళ్ళ దొంతరలు, వాటి మీద పడి తిరిగి ముఖాన కొట్టే వేడి, రాళ్ళు మోసే లారీలు లేపే దుమ్ము.

తాండూరులో జుహర్ నమాజు చేసుకుని, అసర్ వేళకు ఇల్లు చేరాలని లేచాము. "ఇంత ఎండలో ఎందుకు హజ్రత్, కాసేపు మస్జిదులోనే నడుము వాల్చండి" అని ముఅజ్జిన్ సాబ్ చెప్పారు. వినలేదు. బండి కదిలితే గాలి తగులుతుంది కదా అన్నది మా ధైర్యం. కొంత దూరం పోయాక ఒంటిమీద చెమటే కనబడలేదు; అది మేలనుకున్నాము. తరువాత తల బరువెక్కింది. ఎదురుగా వస్తున్న లారీ ఎంత దూరంలో ఉన్నదో అంచనా అందలేదు. అది హారన్ మోగిస్తూ పక్కనుండి దూసుకుపోయిన తరువాత గాని మేము రోడ్డు నడిమికి వచ్చామని తెలియలేదు.

కనబడిన పంచరు దుకాణం దగ్గర ఆపాము. దుకాణం నడిపే ముస్లిమేతర సోదరుడు మమ్మల్ని చూసి, "మౌల్వీ సాబ్, మీ కండ్లు తేలిపోతున్నయి, కూసోండ్రి" అని వేపచెట్టు కింద గోనెసంచి పరచి, కుండలోని నీళ్ళు చెంబుతో ముంచి ఇచ్చాడు. మేము ఆ చెంబు పట్టుకుని అలాగే కూర్చున్నాము. సంచిలో మదర్సా రసీదులు, తలపై టోపీ. రోడ్డున పోయేవారిలో మమ్మల్ని ఎరిగినవారు ఉండవచ్చు. ప్రాణభయం కలిగినప్పుడు రోజా విరమించవచ్చునని, తరువాత ఒక కజా రోజా ఉంటే చాలునని, ప్రాణం పోయే వరకు పట్టుబట్టడం పుణ్యం కాదు, పాపమని ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పినవారము. తీరా మా వంతు వచ్చేసరికి మసలా గుర్తుకు రాలేదు, జనమే గుర్తుకు వచ్చారు. చివరకు తాగాము. షవ్వాల్‌లో కజా తీర్చుకున్నాము. ఈ సంగతి ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు. రమజాన్ ఇప్పుడు చలికాలం వైపు జరుగుతున్నా, పెళ్ళి పత్రికల పంపకాలు ఏప్రిల్, మే ఎండల్లో బండ్ల మీదనే సాగుతున్నందున ఇప్పుడు రాస్తున్నాము.

మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకన్నా చల్లగా ఉన్నంతవరకు బండి వేగం హాయినిస్తుంది. 42 డిగ్రీల గాలిలో అదే వేగం పొయ్యి సెగలా ఒంటికి వేడి ఎక్కిస్తుంది. అప్పుడు మనలను కాపాడేది చెమట ఒక్కటే. దానిని ఆ గాలి పట్టిన వెంటనే ఆరబెట్టివేస్తుంది. చొక్కా తడవదు గనుక ఒంట్లో నీరు పోతున్నదని తెలియదు. నీరు తగ్గిన కొద్దీ ఏకాగ్రత చెదురుతుంది. ఒళ్ళు కూలకముందే చూపు, అంచనా తప్పుతాయి. తప్పుతున్నాయని మనకు తెలుపవలసినది కూడా ఆ తెలివే.

ఎండ తీవ్రమైనప్పుడు జుహర్ నమాజును చల్లబడే వరకు ఆలస్యం చేయాలని దైవప్రవక్త (సల్లం) ఆదేశించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. ఫిఖ్హ్ పాఠంలో దీనిని ‘ఇబ్రాద్’ అంటాము. ఆ పాఠం చెప్పే నోటితోనే బండి తాళం అడిగినవారము మేము. అల్లాహ్ కొరకు చేసే నమాజు ఎండ తగ్గే వరకు ఆగవచ్చునట, మన పెళ్ళి పత్రిక మాత్రం ఆగరాదట!

ఈ మాట తరగతిలో అన్నప్పుడు ఒక విద్యార్థి లేచాడు: "హజ్రత్, తబూక్ ప్రయాణం మండుటెండలోనే జరిగింది కదా? ఎండలో బయలుదేరవద్దన్న కపటులను ఖుర్ఆన్ మందలించింది కదా?" మంచి ప్రశ్నే. హిజ్రీ 9వ ఏట జరిగిన ఆ ప్రయాణం గురించి కఅబ్ బిన్ మాలిక్ (రజి) ఉల్లేఖనం తీయమన్నాము. దైవప్రవక్త (సల్లం) సాధారణంగా దండయాత్ర గమ్యాన్ని ముందుగా వెల్లడించేవారు కారు. తబూక్ విషయంలో మాత్రం తీవ్రమైన ఎండ, దూరం, శత్రువుల సంఖ్య దృష్ట్యా ప్రజలు సన్నద్ధం కావాలని స్పష్టంగా ప్రకటించారు. కనుక ఆగదగిన పనికి ఇబ్రాద్, ఆగని పనికి తబూక్ సన్నాహం. పాలు పోసేవారికి, ఆసుపత్రిలో రోగి ఉన్నవారికి, సరుకులు చేరవేసే కుర్రవాళ్ళకు ఎండ తప్పదు.

సన్నాహంలో మొదటిది నీరు. దాహం వేసే వరకు ఆగక బయలుదేరే ముందే తాగాలి. దారిలో అరగంటకొకసారి నీడన ఆపి మళ్ళీ తాగాలి. ఓఆర్‌ఎస్ పొట్లాన్ని దాని మీద రాసినంత నీటిలోనే కలపాలి. లీటరు పొట్లాన్ని చిన్న సీసాలో గుమ్మరించేవారిని చూస్తుంటాము, అది హాని. పొట్లం దొరకకపోతే లీటరు నీటికి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. చేతులు బయట ఉంటే చల్లన అనుకోవడం ఆ గాలిలో చెల్లదు. నిండు చేతుల వదులైన నూలు కుర్తాయే మేలు. హెల్మెట్ ఉక్కపోస్తున్నదని అద్దానికి తగిలించేవారు ఎక్కువ. టోపీ జేబులో పెట్టి, పలుచని నూలు గుడ్డ చుట్టుకుని, ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ ధరిస్తే ఆ గుడ్డ చెమటను పీలుస్తుంది. టోపీ తీయడమెలా అని అడిగేవారికి మా జవాబు: తల ఉంటేనే టోపీ.

ఇంటి ఆడవారి గురించి ఒక మాట. వెనుక కూర్చున్నవారి బుర్ఖా అంచు, చున్నీ చక్రంలోనో చైనులోనో చుట్టుకుని జరిగే ప్రమాదాలు ఏ ఎండాకాలానికీ పరిమితం కావు. అంచులు ఒడిలోకి తీసుకుని కూర్చున్నాకే బండి కదలాలి. చక్రానికి జాలీ ఉండాలి. పరదా నల్లగానే ఉండాలని షరీఅతు నిర్ణయించలేదు. ఎండలో లేత రంగు వదులు నూలు బుర్ఖాకు అభ్యంతరం చెప్పే అత్తగార్లు ఈ వాక్యం మరోసారి చదవగలరు. పసివారిని కాలిన పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టరాదు. నాలుగేళ్ళు దాటిన పిల్లలకు చట్టప్రకారం హెల్మెట్ తప్పనిసరి.

ట్యాంకు నిండా పెట్రోలు పోయిస్తే ఎండకు పేలుతుందని ప్రతి ఏటా ఫోన్లలో తిరిగే సందేశాన్ని ఇండియన్ ఆయిల్ సంస్థ ఖండించింది. టైర్ల సంగతి చూడండి: గాలి ఉదయం చల్లగా ఉన్నప్పుడే కొలిపించాలి, వేడెక్కిన టైరులోంచి గాలి తీయరాదు.

దారిలో ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడుతూ, ఒళ్ళు కాలిపోతూ కనబడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటిపై నీళ్ళు పోసి విసరాలి. 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివారి నోట నీళ్ళు పోయరాదు. వడదెబ్బను తెలంగాణ ప్రభుత్వం 2025లో రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మరణిస్తే కుటుంబానికి నాలుగు లక్షల రూపాయలు నిర్ణయించింది.

మరుసటి రమజాన్ నుండి మా చందా తిరుగుళ్ళు ఫజ్ర్ తరువాత మొదలై పది గంటలకు ముగుస్తున్నాయి. మిగిలినవి అసర్ తరువాత. తొలి ఏడు రెండు ఊళ్ళు తిరగలేకపోయాము, కొంత సొమ్ము తగ్గింది. కమిటీ పెద్దలు అడిగితే లెక్కతో పాటు పంచరు దుకాణం సంగతి కూడా చెప్పాము.