తెల్ల తేయాకు: ఆరోగ్య పానీయంగా, వంట దినుసుగా వినియోగం

నీటి తరువాత ప్రపంచంలో అత్యధికులు సేవించే పానీయం టీ. ఉభయ గోదావరి, కృష్ణా ప్రాంతాలలో టీ అంటే పాలు, పంచదార, పొడి కలిపి బాగా మరిగించినదే. ఇటీవలి కాలంలో గ్రీన్ టీకి తోడుగా తెల్ల తేయాకు, అనగా వైట్ టీ కూడా ఆన్‌లైన్ అమ్మకాల ద్వారా చిన్న పట్టణాల వినియోగదారులకు అందుబాటులోకి వచ్చింది. సాధారణ టీ పొడితో పోలిస్తే దీని ధర అనేక రెట్లు ఎక్కువ. బరువు తగ్గిస్తుందని, క్యాన్సర్‌ను అడ్డుకుంటుందని, వార్ధక్యాన్ని దూరం చేస్తుందని దీని గురించి ప్రచారం సాగుతోంది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు పరిసరాలలో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్తలు, గృహవిజ్ఞాన విద్యార్థులు ఇందులో ఏది నిజమో, ఏది అతిశయమో తెలిసి ఉండడం అవసరం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళలలో 58.8 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. ఇటువంటి చోట ఏ టీనైనా ఆరోగ్య పానీయంగా సిఫారసు చేసే ముందు దానిని ఎవరు, ఎప్పుడు తాగాలన్నది కూడా చెప్పవలసి ఉంటుంది.

తెల్ల తేయాకు అంటే ఏమిటి?

నల్ల టీ, గ్రీన్ టీ, ఊలాంగ్, తెల్ల టీ అన్నీ కామెల్లియా సైనెన్సిస్ అనే ఒకే మొక్క నుంచి వస్తాయి. తేడా అంతా కోతలోను, కోత అనంతర ప్రక్రియలోను ఉంది. తెల్ల టీ కోసం విచ్చుకోని మొగ్గలను, వాటిని ఆనుకొని ఉన్న ఒకటి రెండు లేత ఆకులను మాత్రమే కోస్తారు. మొగ్గపై ఉండే వెండి రంగు నూగు కారణంగానే దీనికి ఈ పేరు వచ్చింది. నల్ల టీలో ఆకును నలిపి, గాలికి పులియనిచ్చి, ఆరబెడతారు. గ్రీన్ టీలో ఆవిరితో గాని, వేడి బాణలిలో గాని ఆకులోని ఎంజైములను నిర్వీర్యం చేస్తారు. తెల్ల టీలో ఈ రెండూ ఉండవు. మొగ్గలను పలుచగా పరచి, చాలా గంటలపాటు వాడనిచ్చి, తక్కువ వేడిపై ఆరబెట్టడమే మొత్తం ప్రక్రియ. దీని పుట్టినిల్లు చైనాలోని ఫుజియన్ రాష్ట్రం. అక్కడి ఫుడింగ్, జెంగ్‌హె ప్రాంతాలు దీనికి ప్రసిద్ధి. మన దేశంలో డార్జిలింగ్, నీలగిరి, అస్సాం తోటలలో తయారవుతోంది.

ఈ ప్రాంతంలో సాగు సాధ్యమా?

ధర చూసి రైతులు ఈ ప్రశ్న వేయడం సహజం. తేయాకుకు పీహెచ్ 4.5 నుంచి 5.5 వరకు ఉన్న ఆమ్ల నేలలు, ఏడాది పొడవునా విస్తరించిన వర్షం, చల్లని తేమ వాతావరణం కావాలి. కొల్లేరు చుట్టుపక్కల బరువైన బంకమట్టి నేలలు తటస్థ స్థితి నుంచి క్షార స్థితి వరకు ఉంటాయి. తాడేపల్లిగూడెం మెట్టలోని ఎర్ర నేలలలో మురుగు నీరు బాగా పోయినప్పటికీ, వేసవిలో 40 డిగ్రీల సెల్సియస్ దాటే ఎండ, నెలల తరబడి వాన లేని కాలం తేయాకుకు అనుకూలం కావు. కొబ్బరి, కోకో, నిమ్మ, ఆయిల్‌పామ్ వంటి పంటలే ఈ ప్రాంతానికి తగినవి. కాబట్టి ఇక్కడ తెల్ల టీని కొనుగోలు చేసి వాడే వస్తువుగానే చూడాలి. మొక్కలు అమ్మచూపే వారి మాటలకు రైతులు లోనుకాకుండా చూడడం విస్తరణ సిబ్బంది బాధ్యత.

ప్రయోజనాలు, పరిమితులు

లేత మొగ్గలలో కాటెచిన్లు అనే పాలిఫినాల్స్ సమృద్ధిగా ఉంటాయి. ప్రక్రియ స్వల్పం కావడం వల్ల వీటిలో అధిక భాగం మిగిలి ఉంటుంది. ఇవి ప్రయోగశాలలో ఆక్సీకరణ నిరోధకాలుగా పనిచేస్తాయి. మనసును తేలికపరుస్తుందని చెప్పే ఎల్-థియనిన్ అనే అమైనో ఆమ్లం కూడా ఇందులో ఉంటుంది. అయితే పరీక్షనాళికలో కనిపించిన ఫలితం మనిషి శరీరంలో అదే స్థాయిలో ఉంటుందని చెప్పలేము. తెల్ల టీ క్యాన్సర్‌ను నయం చేస్తుందని గాని, దానంతట అదే బరువు తగ్గిస్తుందని గాని నిరూపణ కాలేదు. కచ్చితంగా చెప్పగల ప్రయోజనం ఒకటి ఉంది. దీనిని పాలు, పంచదార లేకుండా తాగుతారు. రోజుకు మూడు నాలుగు కప్పుల తీపి టీ తాగే వ్యక్తి వాటిలో రెండింటి స్థానంలో దీనిని తీసుకుంటే, కప్పుకు రెండు చెంచాల చొప్పున నాలుగు చెంచాల పంచదార తగ్గుతుంది.

తెల్ల టీలో కెఫీన్ ఉండదన్న అభిప్రాయం సరికాదు. లేత మొగ్గలలో కెఫీన్ గణనీయంగానే ఉంటుంది. తక్కువ వేడి నీటిలో నానబెట్టడం వల్ల కప్పులోకి దిగే పరిమాణం కొంత తగ్గవచ్చు. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్‌కు మించరాదు. 150 మిల్లీలీటర్ల టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ ఉంటుందని అవి పేర్కొన్నాయి.

రక్తహీనత ఉన్నవారికి జాగ్రత్త

టీలోని పాలిఫినాల్స్ ఆహారంలోని ఇనుముతో జతకట్టి, దానిని పేగులు గ్రహించకుండా చేస్తాయి. ఆకుకూరలు, పప్పులు, రాగులు, సజ్జలు వంటి శాకాహారం నుంచి లభించే ఇనుముపై ఈ ప్రభావం ఎక్కువ. మాంసం, చేపలలోని హీమ్ ఇనుముపై తక్కువ. అందువల్లనే జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాలు భోజనానికి కనీసం ఒక గంట ముందు, ఒక గంట తరువాత టీ, కాఫీలు మానాలని సూచిస్తున్నాయి. తెల్ల టీకి ఈ నియమం నుంచి మినహాయింపు లేదు. గర్భిణులు, బాలింతలు, కౌమార బాలికలకు ఇచ్చే ఐరన్ మాత్రలను టీతో మింగకూడదు. భోజనంలో నిమ్మరసం, ఉసిరి, జామ వంటి విటమిన్-సి ఉన్న పదార్థాలు చేర్చితే ఇనుము శోషణ పెరుగుతుంది. తెల్ల టీని ఉదయం పది, పదకొండు గంటల నడుమ గాని, సాయంత్రం నాలుగు గంటలకు గాని తీసుకోవడం అనువైన పద్ధతి.

నీరు, తయారీ విధానం

తెల్ల టీ రుచి సున్నితమైనది. నీటిలోని లోపం నల్ల టీలో మరుగున పడవచ్చు గాని, ఇందులో వెంటనే తెలిసిపోతుంది. కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లపు భూమి. బుడమేరు, తమ్మిలేరు నీటిని సరస్సుకు చేరుస్తాయి. ఉప్పుటేరు దానిని సముద్రానికి కలుపుతుంది. ఆ మార్గాననే ఉప్పునీరు ఎగదన్నడం వల్ల పరిసర గ్రామాలలోని అనేక బోర్ల నీరు ఉప్పగా, కఠినంగా ఉంటుంది. కఠిన జలంలోని కాల్షియం టీలోని పాలిఫినాల్స్‌తో కలిసి పైన తెట్టు కడుతుంది. క్షార గుణం ఎక్కువైతే కాటెచిన్లు త్వరగా విచ్ఛిన్నమై, లేత పసుపు రంగులో ఉండవలసిన కషాయం గోధుమ రంగుకు తిరుగుతుంది. ఇటువంటి చోట శుద్ధి చేసిన నీటినే వాడాలి. చివరిలో రెండు మూడు చుక్కల నిమ్మరసం కలిపితే ఆమ్లత్వం పెరిగి కాటెచిన్లు నిలకడగా ఉంటాయి.

తయారీకి 200 మిల్లీలీటర్ల నీటికి 2 నుంచి 3 గ్రాముల ఆకు చాలు. నీటిని మరగనిచ్చి దించి, నాలుగైదు నిమిషాలు ఆరనిస్తే వేడి 80 నుంచి 85 డిగ్రీలకు వస్తుంది. ఆ నీటిని ఆకుపై పోసి, మూత పెట్టి, 3 నుంచి 5 నిమిషాలు ఉంచి వడకట్టాలి. ఆకును పొయ్యి మీద మరిగించరాదు. అదే ఆకును మరి రెండుసార్లు, ప్రతిసారి ఒక నిమిషం అదనంగా నానబెట్టి వాడుకోవచ్చు. ఈ విధంగా కప్పుకు పడే ఖర్చు కూడా తగ్గుతుంది. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి పాలిఫినాల్స్‌ను బంధిస్తుంది, రుచిని కూడా కప్పివేస్తుంది. కనుక పాలు కలపకపోవడమే మేలు.

వంటలో వినియోగం

తేయాకును తినడం కొత్త సంగతి కాదు. బర్మాలో ఊరవేసిన తేయాకును లహ్పెట్ అనే పేరుతో ఆహారంగా తింటారు. చైనాలోని హాంగ్‌జౌ నగరంలో గ్రీన్ టీ ఆకుతో వండే లాంగ్‌జింగ్ రొయ్యలు ప్రసిద్ధ వంటకం. చెరువు చేపలు, రొయ్యలు దండిగా దొరికే కొల్లేరు ప్రాంతానికి ఈ పద్ధతి సులువుగా సరిపోతుంది. అయితే చింతపండు, కారం దట్టించిన పులుసులో తెల్ల టీ రుచి తెలియదు. మసాలా తక్కువగా ఉండే వంటలనే ఎంచుకోవాలి.

చేప: 5 గ్రాముల ఆకును 400 మిల్లీలీటర్ల వేడి నీటిలో 5 నిమిషాలు నానబెట్టి వడకట్టాలి. అందులో అల్లం ముక్కలు, ఉప్పు, పచ్చిమిర్చి వేసి, కొరమీను లేదా శీలావతి ముక్కలను సన్న సెగపై పూర్తిగా ఉడికే వరకు ఉంచాలి. దించిన తరువాత నిమ్మరసం పిండాలి.

అన్నం: ఎసరు నీటిలో సగభాగం తెల్ల టీ కషాయం పోసి వండితే అన్నానికి లేత సువాసన వస్తుంది.

పాయసం: చల్లారిన చిక్కని కషాయాన్ని, కొబ్బరి పాలను సమానంగా తీసుకొని, ఉడికించిన సగ్గుబియ్యానికి పొయ్యి మీద నుంచి దించాక కలపాలి. బెల్లం వాసన టీని మింగివేస్తుంది కాబట్టి కొద్దిగా పంచదార వాడాలి.

పండ్లు: చల్లని కషాయంలో అనాస, బొప్పాయి, పుచ్చ ముక్కలను అరగంట నానబెడితే పంచదార లేని చల్లని పదార్థం సిద్ధమవుతుంది.

ఇక్కడ ఒక విషయం మరువరాదు. వంటలో వాడిన టీ భోజనంలో భాగమే అవుతుంది. కనుక రక్తహీనత ఉన్న కుటుంబాలలో టీతో వండిన అన్నాన్ని నిత్యం తినరాదు. తోటకూర, గోంగూర, పప్పు వంటి ఇనుము ఉన్న కూరలతో కలిపి వడ్డించరాదు. అప్పుడప్పుడు చేసుకునే చేప వంటకానికి, పండ్ల ముక్కలకు పరిమితం చేయడం మంచిది. ఎక్కువ సేపు మరిగిస్తే కాటెచిన్లు తగ్గుతాయి కాబట్టి, వంటలో దీనిని వాడేది ముఖ్యంగా సువాసన కోసమేనని గ్రహించాలి.

నిల్వ, సువాసన, లేబుల్

తేయాకు తేమను, వాసనను త్వరగా పీల్చుకుంటుంది. డెల్టాలోని తేమ గాలికి డబ్బా తెరిచి ఉంచితే ఆకు మెత్తబడి బూజు పడుతుంది. వెలుతురు చొరని, గాలి దూరని డబ్బాలో నిల్వ చేయాలి. ఎండు చేపలు, ఇంగువ, ఆవకాయ ఉంచే అలమరలో పెట్టరాదు.

వాసన పీల్చే ఈ గుణాన్నే వియత్నాం ప్రజలు సద్వినియోగం చేసుకొని, తామర పూలతో తేయాకుకు పరిమళం పట్టిస్తారు. తామరకు పేరుపొందిన కొల్లేరు ప్రాంతంలో మహిళా సంఘాలు దీనిని ప్రయత్నించవచ్చు. అయితే కొల్లేరు ప్లస్ 5 కాంటూరు వరకు 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించబడింది. 2002లో రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. కనుక సరస్సులోని పూలను కోయరాదు. మందులు వాడే చేపల చెరువుల నుంచి కూడా తీసుకోరాదు. శుభ్రమైన నీటితొట్లలో పెంచిన పూలనే వాడాలి. ఆహార ప్రమాణాల ప్రకారం టీ అనేది కామెల్లియా సైనెన్సిస్ నుంచి వచ్చినదే. నిమ్మగడ్డి, మునగాకు, తామర రేకులను మాత్రమే ఎండబెట్టి అమ్మేవారు లేబుల్‌పై టీ అని కాక, ఆయా మొక్క పేరుతో కషాయపు ఆకు అని పేర్కొనాలి. జబ్బు నయం చేస్తుందన్న మాట ముద్రించరాదు.

విద్యార్థులకు ఒక చిన్న ప్రయోగం

మున్సిపల్ కుళాయి నీరు, బోరు నీరు, శుద్ధి చేసిన నీరు అనే మూడు నమూనాలు సేకరించి, వాటి పీహెచ్, మొత్తం కరిగిన ఘనపదార్థాలు, కాఠిన్యం కొలవాలి. భారతీయ ప్రమాణం 10500 ప్రకారం తాగునీటిలో కరిగిన ఘనపదార్థాల వాంఛనీయ పరిమితి లీటరుకు 500 మిల్లీగ్రాములు, కాఠిన్యానికి 200 మిల్లీగ్రాములు. మూడింటితోను ఒకే తూకం, ఒకే వేడి, ఒకే సమయం పాటించి తెల్ల టీ తయారుచేసి, రంగు, తేటదనం, వాసన, రుచిని తొమ్మిది పాయింట్ల హెడోనిక్ స్కేలుపై పరీక్షించాలి. ఏ గ్లాసులో ఏ నీరున్నదో రుచి చూసేవారికి తెలియరాదు. తక్కువ ఖర్చుతో గ్రామస్థాయిలో ప్రదర్శించగల ఈ ప్రయోగం, టీ నాణ్యతతోపాటు తమ ఊరి తాగునీటి నాణ్యతను కూడా ప్రజల కళ్లకు కట్టిస్తుంది.

తెల్ల తేయాకు ఔషధం కాదు, పంచదార లేకుండా ఆస్వాదించదగిన మంచి పానీయం. మంచి నీటితో, భోజనానికి దూరంగా, మితంగా తీసుకున్నప్పుడే దాని ప్రయోజనం దక్కుతుంది. ఇంటి ఖర్చులో దానికి చోటు లేని కుటుంబానికి అదే సొమ్ముతో ఆకుకూరలు, గుడ్లు, జామపండ్లు కొనుక్కోవాలని చెప్పడమే సరైన విస్తరణ సలహా.