వార్తల్లో పదం: సోడియం బ్యాటరీ ఎలక్ట్రొలైట్

సోడియం అయాన్ బ్యాటరీ వార్త వచ్చినప్పుడల్లా ‘ఉప్పుతో కరెంటు’ అన్న శీర్షిక తప్పదు. ఉప్పు చవకే. చిక్కంతా లోపలి ద్రవంతోనే.

రెండు ధ్రువాల మధ్య సోడియం అయాన్లను అటూ ఇటూ దాటించే మాధ్యమం ఎలక్ట్రొలైట్. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది సోడియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ లవణాన్ని కార్బొనేట్ ద్రావకాల్లో కరిగించిన మిశ్రమం. ఈ ద్రావకాలకు నిప్పు అంటుకుంటుంది. లవణానికి తేమ తగిలితే విషపూరితమైన హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. అందుకే తయారీకి తేమ లేని గదులు కావాలి, ఖర్చు పెరుగుతుంది. సోడియం పర్‌క్లోరేట్ చవకైనదే గానీ దానికి పేలుడు ప్రమాదం ఉంది.

మరి నీళ్లే వాడితే? మంటల భయం ఉండదు. కానీ సిద్ధాంతరీత్యా 1.23 వోల్టులు దాటితే నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోతుంది. లవణం గాఢత బాగా పెంచితే ఈ హద్దు కొంత జరుగుతుంది. అంత లవణం పోశాక చవక ఎక్కడిది!

ట్రైమిథైల్ ఫాస్ఫేట్ లాంటి మంటలంటని ద్రావకాలు ఒక దారి, 1976లో శాస్త్రవేత్తలు గుడెనఫ్, హాంగ్ వెల్లడించిన నాసికాన్ అనే ఘన ఎలక్ట్రొలైట్ మరో దారి. నీటి బ్యాటరీకి వోల్టేజీ తక్కువ, కాబట్టి అంతే శక్తికి బరువు ఎక్కువ. కారుకు బరువు ముఖ్యం. కదలకుండా ఒకచోట ఉండి సౌర విద్యుత్తును దాచే బ్యాటరీకి కాదు. నీటి ఎలక్ట్రొలైట్‌కు మొదటి అవకాశం అక్కడే.